పచ్చద్దాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. వెనక గదిలో మంట ముందు అమ్మ. ఆ పక్క బల్ల దగ్గర, పూర్తయిన గాజు గొట్టాలను కిటికీ వెలుతురుకు పెట్టి ఒక్కొక్కటే తిప్పి చూస్తూ పెదనాన్న. మధ్య గదిలో గోడకు చేరగిలబడి, కాళ్ళు చాపుకుని నానమ్మ. ఆ రెండు గదుల మధ్య గుమ్మం మీద, ఒళ్ళో పాఠ్యపుస్తకం, చేతిలో గాజు కడ్డీలతో అమ్మాయి. నాన్న సరుకు అప్పజెప్పడానికి వెళ్ళి మూడు రోజులైంది కాబట్టి లెక్కలోకి రాడు.

అమ్మాయిని ఇంట్లో అందరూ పిల్లి అంటారు. అడుగుల చప్పుడు లేకుండా తిరుగుతుందనీ, నోట్లో నాలుక ఉందో లేదో తెలియదనీ పెదనాన్న పెట్టిన పేరు. గుమ్మం దగ్గరి చోటు ఆమెదే. వెనక గది తలుపు ఎప్పుడూ మూయరు. దానికి అడ్డంగా ఒక ఇటుక ఉంటుంది. బడి నుంచి రాగానే ఆ ఇటుక పక్కన కూర్చుంటుంది. అమ్మ తల తిప్పకుండా ఎడమ చెయ్యి చాపితే లేచి వెళ్ళి, కావలసిన కడ్డీ ఆ చేతిలో పెట్టి, ఆ అతుకు పూర్తయ్యేదాకా మోచెయ్యి పక్కనే నిలబడుతుంది. ఏ కడ్డీ అని అమ్మ అడగదు, ఆమె చెప్పదు. ఎప్పుడూ తప్పు పోలేదు.

ఆ వారం పనంతా పెద్ద గొట్టాలే. ఏదో ప్రయోగశాలకు ఆవిరిని చల్లార్చే ఇరవై కండెన్సర్లు కావాలట. ఒక్కోటి అమ్మ చెయ్యంత పొడవు, గొట్టం లోపల ఇంకో గొట్టం. రెండింటినీ రెండు చివర్లా వలయంలా కలిపి అతకాలి. గట్టి గాజు కాబట్టి మంట మామూలు కన్నా రెండింతలు పెట్టాలి. అమ్మ రెండు చేతులతో గొట్టాన్ని ఆపకుండా తిప్పుతూ, పళ్ళ మధ్య పట్టుకున్న రబ్బరు గొట్టంలోంచి కొద్దికొద్దిగా ఊదుతుంది. గాజు ముందు ఎర్రబడుతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత ఒక్క క్షణం తేనెలా ఒళ్ళు వదిలేస్తుంది. ఆ క్షణంలో ఊదాలి. ముందు ఊదితే అతుకు పట్టదు, తర్వాత ఊదితే జారిపోతుంది. ఈ వలయపు అతుకు ఇంట్లో ఇప్పుడు అమ్మ ఒక్కతే వేస్తుంది. రెండేళ్ళ కిందట కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి పెదనాన్నకు మంట నీలంగా కనబడుతోందట, దూరం అంచనా తప్పుతోందట.

ఆ ఆపరేషన్ గురించి ఎవరడిగినా ఆయన ఒకటే చెబుతాడు. "జన్మంతా ఊరందరికీ గాజు చేసి పెట్టాను. చివరికి వాళ్ళే నా కంట్లో ఓ గాజు పెట్టి పంపారు."

మూడో కండెన్సరు పగలకుండా మెల్లగా చల్లారడానికి పొయ్యిలో పెట్టి వస్తుంటే అమ్మ చొక్కా చేతి గుండీ తెగి పడింది. మంట దగ్గర చేతులు వేలాడకూడదు. అమ్మ మంట ఆపి, మధ్య గదిలోకొచ్చి సూదీ దారం తీసుకుంది. దారం చివర తడి చేసి, సూదిని కిటికీ వైపు పట్టుకుని గుచ్చింది. దారం సూది పక్కనుంచి పోయింది. మళ్ళీ తడి చేసింది. ఈసారి తల పక్కకు వంచి, ఎడమ కన్ను మూసి చూసింది. ఇంకా పక్కకే పోయింది. ఏమీ అనకుండా సూదిని నానమ్మ ముందుకు చాపింది. నానమ్మ కూడా ఏమీ అనకుండా తీసుకుని, చూసీ చూడనట్టు ఒక్క దెబ్బకు ఎక్కించి ఇచ్చేసింది. ఇద్దరికీ అది కొత్త కాదని అమ్మాయికి అప్పుడు తెలిసింది.

నానమ్మకు డెబ్బై రెండు. అమ్మకు ముప్పై తొమ్మిది.

అమ్మాయి ఆ రెండు అంకెలనూ పుస్తకం అంచున పెన్సిలుతో రాసింది. తాతయ్యకు నలభై ఐదు నిండకుండానే చూపు మందగించిందని నానమ్మే చెబుతుంటుంది. పెదనాన్నకు నలభై ఎనిమిది. ఈ ఇంట్లో మంట ముందు కూర్చున్న వాళ్ళందరి కళ్ళూ పోయాయి. ఒక్క రోజు కూడా కూర్చోని నానమ్మ మాత్రం బియ్యంలో రాయిని మంచం మీద నుంచే చూస్తుంది.

ఇది ఎవరికైనా చెప్పాలనిపించింది. పెదనాన్న దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయన తల ఎత్తేదాకా నిలబడింది. చివరికి చెప్పాలనుకున్న మాట ఎటో పోయి, అమ్మ పెట్టుకునే గులాబీ రంగు అద్దాలు మంచివేనా అని మాత్రం బయటికొచ్చింది. ఆయన ఆ అద్దాలు తీసి ఆమె ముక్కు మీద పెట్టి, బర్నరు వెలిగించి, ఒక కడ్డీ మంటలో పెట్టాడు. గాజు కాలగానే కళ్ళు చెదిరేలా లేచే పసుపు మంట, ఆ అద్దాల్లోంచి చూస్తే లేనే లేదు. కడ్డీ చివర ఎర్రగా, నీళ్ళలో రాయిలా తేటగా కనబడింది. మంటలో ఉన్న విషమంతా ఆ పసుపేననీ, దాన్ని ఈ అద్దాలు మింగేస్తాయనీ ఆయన చెప్పాడు. ఇంకేం చెయ్యాలే అవి, వంట కూడా చెయ్యాలా అని నవ్వాడు.

మరునాడు అమ్మను కళ్ళద్దాల షాపుకు పంపింది నానమ్మ. అమ్మ పని ఉందంది. నానమ్మ సూదుల డబ్బా ఎత్తి చూపించి, "నేను పోయాక నీకు దారం ఎక్కించడానికి ఎవర్ని పెడతావే, మనిషిని మాట్లాడుకున్నావా?" అంది. అమ్మ చెప్పులేసుకుంది. తోడు అమ్మాయి వెళ్ళింది.

షాపతను సన్నటి మనిషి. అమ్మను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం ఒక మెట్టు మీద ఆనించమని, కంట్లోకి వెలుగు వేసి చాలాసేపు చూశాడు. కుడి కన్ను చూశాడు. మళ్ళీ ఎడమ కన్ను చూశాడు. ఏం పని చేస్తారని అడిగాడు. అమ్మ చెప్పింది. ఎన్నేళ్ళుగా అని అడిగాడు. పదిహేడేళ్ళు అంది అమ్మ. అతను వెలుగు ఆర్పేసి, ఎడమ కంట్లో పొర మొదలైందనీ, నంబరు అద్దాలతో పోయేది కాదనీ, ఆసుపత్రిలో చూపించుకోమనీ చెప్పాడు. ఈ వయసుకు రావలసింది కాదని కూడా అన్నాడు.

అమ్మ సంచిలోంచి గులాబీ అద్దాలు తీసి చూపించింది, నేను జాగ్రత్తగానే ఉన్నానన్నట్టు. అతను వాటిని దీపానికి పట్టి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"ఇవి పని బాగా కనబడటానికమ్మా. కన్ను కాపాడటానికి కాదు. కాలిన గాజులోంచి కంటికి కనబడని వేడి ఒకటి వస్తుంది. అది వీటిలోంచి దర్జాగా లోపలికొస్తుంది. పసుపు పోయింది కదాని మీరు ఇంకా దగ్గరికి జరిగి చూస్తారు."

పచ్చవి కావాలట. వెల్డింగు వాళ్ళు వాడే రకంలో కాస్త తేలికవి, రంగు ఎంత ముదురో చెప్పే మూడో నాలుగో ఐదో అంకె అంచు మీద ఉంటుందట. ఒక్క రోజులో వచ్చే జబ్బు కాదనీ, ఒక్క రోజులో ఆగేదీ కాదనీ, కుడి కన్ను ఇంకా బాగానే ఉందనీ అతను చెప్పాడు. ఆ చివరి మాట అమ్మాయి ఒక్కతే విన్నట్టుంది. అమ్మ అప్పటికే లేచి కుర్చీ సర్దుతోంది.

దారిలో అమ్మ వడివడిగా నడిచింది. మలుపు దగ్గర ఆగి, ఇరవై పూర్తయ్యేదాకా పెదనాన్నకు చెప్పొద్దంది. ఈ పని చేసేవాళ్ళందరికీ వచ్చేదేనంది. అమ్మాయి మనసులో వరసగా నాలుగు వాక్యాలు కూర్చుకుంది. కుడి కన్ను బాగుంది కదా అన్నది మొదటిది. ఇల్లొచ్చేసింది, ఒక్కటీ నోటి దాకా రాలేదు. తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇటుక పక్కన కూర్చుని, అమ్మ గులాబీ అద్దాలు పెట్టుకుని మంటలోకి ఇంకొంచెం వంగడం చూసింది. నిజంగానే దగ్గరికి జరుగుతోంది. ఇన్నాళ్ళూ అది పని మీద శ్రద్ధ అనుకుంది.

సాయంత్రం ఉండబట్టలేక పెదనాన్నకు చెప్పేసింది. తలుపు చాటు నుంచి, నేల చూస్తూ, సగం సగం. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కళ్ళద్దాలు అమ్మేవాడు ఉన్న అద్దాలు మంచివని ఎలా చెబుతాడే పిల్లీ, అన్నాడు. కనబడని వేడి అంటున్నాడు కదా, వాడికి మాత్రం ఎక్కడ కనబడింది అన్నాడు.

ఆ మాట ఆమెను వదల్లేదు. మూడో రోజు బడి లేదు. మధ్యాహ్నం నానమ్మ టీవీ ముందు కూర్చుని రిమోటును అరచేతిలో కొట్టుకుంటోంది. బ్యాటరీ అయిపోయిందో, రిమోటే పోయిందో తెలియడం లేదంది. అప్పుడు అమ్మాయికి సైన్సు మాస్టారు గుర్తొచ్చాడు. రిమోటు వెలుగు మనిషికి కనబడదనీ, ఫోనుకు కనబడుతుందనీ ఒకసారి తరగతిలో చూపించాడు. అదీ వేడి లాంటి వెలుగేనన్నాడు.

అమ్మ ఫోను తీసుకుని రిమోటు మీద పట్టింది. ఏమీ లేదు. నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుట్టింది. విసుగొచ్చి ఫోను తిప్పి, మన ముఖం చూసుకునే వైపు కెమెరాతో చూసింది. రిమోటు కొసన చిన్న తెల్లటి చుక్క, కొంచెం ఊదారంగు కలిసి, మిణుకు మిణుకుమంది. అమ్మ భోజనానికి లేచినప్పుడు గులాబీ అద్దాలు తెచ్చి ఆ చుక్కకూ ఫోనుకూ మధ్య పెట్టింది. చుక్క ఇసుమంత కూడా తగ్గలేదు.

ఇక కావలసింది పచ్చద్దం.

గేట్లు చేసే వెల్డరు కొట్టు రెండు వీధుల అవతల. ఆమె మొదటిసారి దాని ముందునుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. రెండోసారి కూడా వెళ్ళిపోయింది. మూడోసారి అతనే పని ఆపి, ఏమన్నా పారేసుకున్నావా పాపా అని అడిగాడు. పచ్చద్దాలు అంది. ఎందుకని అడిగితే, మా అమ్మకి అంది. అంతకన్నా మాటలు రాలేదు. అతను ఆమె ముఖం వంక ఒక్క నిమిషం చూసి, లోపలికి వెళ్ళి ఇనుము కోసేటప్పుడు వాడే పాత కళ్ళజోడు ఒకటి తెచ్చాడు. సాగే పట్టీ తెగిపోతే పురికొస కట్టి ఉంది. "పట్టీ చూసి భయపడకు, అద్దాలు బంగారం" అని, అంచు మీద ఐదు అంకె తుడిచి చూపించాడు. తిరిగి ఇవ్వక్కర్లేదన్నాడు.

ఇంటికొచ్చి దాన్ని రిమోటుకు అడ్డం పెట్టగానే చుక్క మాయమైంది. బ్యాటరీ పోయిందనుకుంది. అద్దం తీసింది. చుక్క ఉంది. పెట్టింది. లేదు. నానమ్మ మెడ చాచి చూసి, మళ్ళీ చెయ్యమంది.

సాయంత్రం టీ వేళకు అందరూ మధ్య గదిలోకి వచ్చారు. అమ్మాయి రిమోటూ ఫోనూ రెండు జతల అద్దాలూ వరసగా పెట్టింది. కంగారులో మళ్ళీ ఫోను వెనక వైపు కెమెరానే పెట్టి రిమోటు నొక్కింది. ఏమీ కనబడలేదు. పెదనాన్న టీ ఊదుకుంటూ, ఇప్పుడు చానలు మారుతుందా అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. అమ్మాయి చెవులు కాలిపోయాయి. లేచి పారిపోయేదే, నానమ్మ ఆమె చున్నీ కొసను కాలితో తొక్కిపట్టి, "రెండో వైపు తిప్పవే తల్లీ" అంది.

తిప్పింది. చుక్క వెలిగింది. గులాబీ అద్దం పెట్టింది, వెలుగుతూనే ఉంది. పచ్చద్దం పెట్టింది, ఆరిపోయింది.

పెదనాన్న గ్లాసు కింద పెట్టి ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. తనే రిమోటు నొక్కి, తనే గులాబీ అద్దం పెట్టి చూశాడు. మూడుసార్లు చూశాడు. నాలుగోసారి తన పాత గులాబీ జత కూడా తెచ్చి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. చుక్క అలాగే ఉంది. ఆయన ఆ అద్దాలను చొక్కాతో తుడిచాడు, మురికి వల్ల అనుకున్నాడేమో. తర్వాత వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అవి తాతయ్య కొన్నవి.

"రిమోటుతో గాజు చేస్తామా" అన్నాడు చివరికి. కానీ ఆ మాటలో బలం లేదు. రేపు పొద్దున్న పెట్టుకుని చూస్తానంది అమ్మ.

ఆ పొద్దున్నకు తొమ్మిది పూర్తయ్యాయి. పదోదానికి అమ్మ పచ్చద్దాలు పెట్టుకుంది. పురికొస జుట్టులో చిక్కుకుంటే అమ్మాయే సర్ది, ముడి వేసింది. మంట వెలిగింది. అమ్మ గొట్టాలు రెండూ తిప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి తిప్పుతున్న చేతులు నెమ్మదించాయి. ఇన్నేళ్ళలో అవి నెమ్మదించడం అమ్మాయి ఎప్పుడూ చూడలేదు.

"ఎరుపేది?" అంది అమ్మ, రబ్బరు గొట్టం పళ్ళ మధ్యనే ఉంచుకుని. "అంతా గడ్డిలా ఉంది."

ఈ అద్దాలు పసుపును ఆపవు, ఆ మంట అడ్డంగా లేస్తూనే ఉంది, గాజు రంగు మాత్రం ఆ పచ్చదనంలో కలిసిపోయింది. పెదనాన్న పక్కన నిలబడి, తన కంటితో చూసి, ఇప్పుడు నారింజ, ఇప్పుడు ఊదు అని చెప్పాడు. చెప్పేలోపు ఆ క్షణం దాటిపోయింది. లోపలి గొట్టం మెడ వాల్చినట్టు ఒక పక్కకు వంగి, వలయానికి అంటుకుపోయింది. అమ్మ అలాగే తిప్పుతూ ఉండిపోయింది, తిప్పితే సరి అవుతుందన్నట్టు. పెదనాన్న తిట్టలేదు. పాడైన ముక్కను పట్టకారుతో అందుకుని, చల్లారాక విరిచి, చప్పుడు కాకుండా చెత్త డబ్బాలో పెట్టాడు. అంత మెల్లగా పెట్టడం చూస్తే అమ్మాయికి ఏడుపొచ్చింది.

అమ్మ పచ్చద్దాలు నుదుటి మీదకు తోసి, గులాబీ అద్దాల కోసం చెయ్యి చాపింది. తల తిప్పకుండా, ఎడమ చెయ్యి, ఎప్పటిలాగే.

అమ్మాయి అందించలేదు.

తర్వాత మాట్లాడింది తనేనని ఆమెకే నమ్మకం కుదరలేదు. ముందు చెత్త ముక్కల మీద అలవాటు చేసుకోమంది. రంగు కనబడకపోయినా గాజు బరువు చేతికి తెలుస్తుంది కదా, ఒళ్ళు వదిలేది చేతిలోనే కదా తెలిసేది అంది. గులాబీ, పచ్చ రెండూ ఒకదాంట్లోనే ఉండే అద్దాలు ఎక్కడైనా దొరుకుతాయేమో అడుగుదామంది. రోజుకొకటే చెయ్యమంది. ప్రయోగశాల వాళ్ళకు నాన్న చేత చెప్పిద్దామంది. ఊపిరి తీసుకోకుండా అంది. చివరికి, "కుడి కన్ను బాగుందన్నాడు కదమ్మా. నేనిక్కడ నిలబడి రోజూ చూస్తున్నా కదా, నువ్వు రోజురోజుకీ దాంట్లోకి దూరిపోతున్నావు" అంది.

పెదనాన్న తలెత్తి ఆమె వంక చూశాడు. పిల్లి మాట్లాడిందని నవ్వలేదు.

అమ్మ ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. కుర్చీలో మెల్లగా తిరిగింది. అమ్మాయి నిలబడ్డ చోటును చూసింది. తన మోచేతికి జానెడు దూరం. మంటకు బారెడు దూరమైనా లేదు. అక్కడ గచ్చు, అన్నేళ్ళుగా నిలబడ్డ పాదాల కింద నున్నగా మెరుస్తోంది.

"నువ్విక్కడ ఎప్పట్నుంచి నిలబడుతున్నావే?"

"ఐదో తరగతి నుంచి."

"అద్దాలు?"

అమ్మాయికి ప్రశ్న అర్థం కాలేదు. కడ్డీలు అందించేవాళ్ళకు అద్దాలేమిటి? గులాబీవైనా, ఏవైనా, ఆమెకెప్పుడూ ఎవరూ ఇవ్వలేదు. అడగాలని ఆమెకూ తోచలేదు. ఇన్ని రోజులుగా అందరి వయసులూ అంచున రాసిపెట్టుకుంది, తనది రాయనేలేదు.

లేవన్నట్టు తల ఊపింది.

అమ్మ పెదనాన్న వైపు చూసింది. "బావగారూ" అంది, అంతే. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

అమ్మ లేచింది. మంట ఆపలేదు, చిన్నది చేసింది. అమ్మాయి మణికట్టు పట్టుకుని గుమ్మం దాకా నడిపించుకొచ్చింది. ఆ చెయ్యి ఇంకా వేడిగా ఉంది. గుమ్మం అవతల నిలబెట్టి, రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, ఒక కన్ను చూసింది, ఇంకో కన్ను చూసింది, షాపతను చూసినట్టే. ఆ చూపుకు ఏం కనబడిందో, ఎంత కనబడిందో. తర్వాత తన నుదుటి మీది పచ్చద్దాలు తీసి, పురికొస చుట్టి, అమ్మాయి చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఇక ఈ గదిలోకి రావద్దంది. కడ్డీలు తను ముందే పక్కన పెట్టుకుంటానంది.

గెలిచాననుకోవాలో ఏమనుకోవాలో అమ్మాయికి తెలియలేదు. నిన్నటి దాకా ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు అమ్మ నమ్మింది, పూర్తిగా నమ్మింది.

"మరి నువ్వు?"

అమ్మ గులాబీ అద్దాలు పెట్టుకుంది. ఎడమ కాలితో ఇటుకను పక్కకు తోసింది. అది గచ్చు మీద గీసుకుంటూ పోయింది.

"ఇంకా పదకొండు ఉన్నాయి" అని, తలుపు మూసింది.